పాత్రధారణ క్రీడలలో డాలు: దాని విలువ నిర్ణయింపబడిన చరిత్ర

యుద్ధపరికరములలో ఖడ్గమునకు గల కీర్తి డాలునకు లేదు. కత్తికి పేరు పెట్టి, పూజ చేసి, తరతరములుగా దాచుకొనిన వీరులు అన్ని దేశములందును కలరు. డాలు మాత్రము దెబ్బలు తిని, పగిలి, తుదకు పారవేయబడు వస్తువు. ఈ తారతమ్యము యుద్ధభూమిని దాటి క్రీడలలోనికి సైతము ప్రవేశించినదా, ప్రవేశించినచో ఎట్లు ప్రవేశించినది, దానిని సరిదిద్దుటకు ఎవరెవరు ఏయే యత్నములు చేసిరి అను విషయమును ఈ వ్యాసమున విచారింప దలచితిమి. విషయము లఘువుగా కన్పట్టవచ్చును. కాని నియమములు వ్రాయువాడు తెలిసియో తెలియకయో ఒక అభిప్రాయమును నియమములలో ఇముడ్చుననియు, ఆడువారు దానిని అంకెలరూపమున అనుభవింతురనియు చూపుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము మాకు దొరకలేదు.

ముందుగా క్రీడాస్వరూపమును గూర్చి రెండు మాటలు. బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పితవ్యక్తి పాత్రను ధరించి, నిర్వాహకుడైన మరియొకడు వర్ణించు లోకమునందు ఆ వ్యక్తుల మాటలను చేష్టలను తామే నిర్ణయించుచు ఆడు ఆటకు ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేమ్ అని పేరు. మేము దీనిని పాత్రధారణ క్రీడ యందుము. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న ఊరినుండి 1974లో వెలువడిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతికి మొదటి ముద్రితగ్రంథము. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీని కర్తలు. చదరంగమందువలె ఇందు ఇద్దరి నడుమ పోటీ లేదు. ఆడువారందరును ఒక్క పక్షము. అట్లయినచో బలాబలముల తూకమెందులకు అని చదువరి అడుగవచ్చును. ఇందలి న్యాయము గెలుపోటములకు సంబంధించినది కాదు, పాలుపంచుకొనుటకు సంబంధించినది. ఒకని పాత్ర చేయు పనినెల్ల మరియొకని పాత్ర అంతకంటె బాగుగా చేయుచున్నచో మొదటివాడు ఆ సాయంకాలమంతయు ప్రేక్షకుడై కూర్చుండును. సమతౌల్యమను మాటకు ఈ క్రీడలలో గల అర్థమిదియే.

మా విద్యార్థులలో కొందరు సెలవు దినములలో ఈ యాట ఆడుచుండగా మేము ప్రక్కన కూర్చుండి కొన్నిమార్లు చూచితిమి. ఒకనాడు క్రొత్తగా చేరిన విద్యార్థి యొకడు తన యోధునకు కత్తియు డాలును కోరుకొనెను. తోడివారు నవ్విరి. "డాలు పట్టుకుంటే నీ వంతు వచ్చినప్పుడు నీవు చేసేదేమీ ఉండదురా, పెద్దకత్తి తీసుకో" అని ఒకడు హితవు చెప్పెను. ఆ పిల్లవాడు మా వైపు తిరిగి "డాలుంటే చావకుండా ఉంటాను గదండీ?" అని అడిగెను. మాకు వెంటనే సమాధానము తోపలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినదే.

మాటను గూర్చియు ఒక్క సంగతి. తెలుగున ఈ పరికరమునకు కేడెము, పలక, డాలు అను పేళ్లు కలవు. కేడెము ఖేటకశబ్దమునుండియు, పలక ఫలకశబ్దమునుండియు వచ్చినవి. కావ్యభాషలో మొదటి రెండింటికి గౌరవమెక్కువ. కాని పలక యన్నచో నేటి చదువరికి బడిపిల్లవాని పలకయే స్ఫురించును, కేడెము పలువురకు తెలియదు. కావున అందరకు తెలిసిన డాలునే మేమీ వ్యాసమందంతట వాడుచున్నాము.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ శూన్యమునుండి పుట్టినది కాదు. దానికి మూడేండ్లు ముందు, 1971లో, గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు 'చెయిన్‌మెయిల్' అను చిన్న పుస్తకమును ప్రకటించిరి. అది మధ్యయుగపు సేనలను సీసపు బొమ్మలతో బల్లపై నడిపించు యుద్ధక్రీడకు నియమావళి. అందు ఇద్దరు యోధులు ముఖాముఖి తలపడునపుడు వాడుటకొక పట్టిక గలదు. పట్టికకు ఒక ప్రక్క ఆయుధములు, మరియొక ప్రక్క ఎనిమిది విధముల రక్షణలు. ఏ కవచమును లేనివాడు, తోలుకవచము వాడు, డాలు మాత్రమే గలవాడు, తోలుకవచముతో డాలు గలవాడు, ఇట్లు క్రమముగా పలకలకవచముతో డాలు గలవానివరకు ఎనిమిది మెట్లు. ప్రతి ఆయుధమునకు ప్రతి రక్షణకు వేరువేరు అంకె. రెండు ఆరుముఖముల పాచికలు వేసి ఆ అంకెను మించినచో, లేక దానికి సమానమైనచో, ఎదుటివాడు చచ్చును. సాధారణసైనికునకు ఒక్క దెబ్బయే మరణము. ఈ పట్టికలో డాలు చావుబ్రదుకుల నడుమ నిలిచిన వస్తువు. దాని విలువ ఒక్కొక్క ఆయుధమునకు ఒక్కొక్క తీరుగా మారునది. నాటి రచయితలు దానిని మిక్కిలి శ్రద్ధగా తూచిరనియే చెప్పవలెను.

1974 నాటి గ్రంథమున ఈ పట్టికకు బదులుగా వాడుకొనదగిన మరియొక పద్ధతి ఈయబడినది. తరువాతి కాలమున అదియే నిలిచినది. అందు ఆయుధభేదము మాసిపోయినది. ఇరువది ముఖముల పాచిక యొకటి వచ్చినది. రక్షణకు ఆర్మర్ క్లాస్ అను అంకె వచ్చినది. దానిని కవచాంకము అందము. ఏమియు లేనివానికి 9, డాలు మాత్రమున్నచో 8, తోలుకవచమునకు 7, దానికి డాలు చేరినచో 6, గొలుసుకవచమునకు 5, డాలుతో 4, పలకలకవచమునకు 3, డాలుతో 2. అంకె తగ్గిన కొలది రక్షణ హెచ్చు. అనగా ఏ కవచముతో చేరినను డాలు విలువ సరిగా ఒక్క మెట్టు. పాచికకు 20 ముఖములు గాన ఒక్క మెట్టు నూటికి 5 పాళ్లు. డాలు ధర 10 బంగారు నాణెములు, పలకలకవచము ధర 50.

ఈ 'నూటికి అయిదు' అను మాటయే తరువాతి అపోహలకెల్ల మూలమని మా అభిప్రాయము. నేటికిని పెక్కురు ఆటగాండ్రు డాలు నూటికి అయిదు పాళ్లు మాత్రమే కాపాడునని తలంతురు. లెక్క వేసి చూతము. మొదటి మూడు స్థాయిలలోని యోధుడు కవచాంకము 9 గలవానిని కొట్టుటకు పాచికపై 10 గాని అంతకు మించి గాని పడవలెను. అనగా 20 ముఖములలో 11 ముఖములు దెబ్బ. ఎదుటివాడు డాలు పట్టినచో 10 ముఖములు. తిను దెబ్బలలో పదునొకండవ వంతు తగ్గినది. అదే యోధుడు పలకలకవచము ధరించినవానిని, అనగా కవచాంకము 3 గలవానిని, కొట్టుటకు 16 పడవలెను. 5 ముఖములు దెబ్బ. డాలు చేరినచో 17 పడవలెను, 4 ముఖములు. తిను దెబ్బలలో అయిదవ వంతు తగ్గినది. మెట్టు ఒక్కటే యైనను, దిగంబరునకు అది స్వల్పలాభము, ఆపాదమస్తకము ఇనుము తొడిగినవానికి దానికి రెండింతల లాభము.

ఇందొక విచిత్రము కలదు. ఐరోపా చరిత్రలో జరిగినది దీనికి సరిగా విపరీతము. పదునాల్గు, పదునైదవ శతాబ్దములలో పలకలకవచము బాగుపడిన కొలది అశ్వికవీరులు డాలును విడిచిపెట్టిరి. కవచమే చాలునపుడు ఎడమచేతిని డాలునకు కట్టివేయుట వ్యర్థమని వారికి తోచినది. ఆ చేతిని కూడ వినియోగించి రెండుచేతుల గొడ్డలిని, పొడవుకత్తిని పట్టిరి. డాలు ప్రాణమైనది కవచము కొనలేని కాలిబంటునకు. క్రీడయందలి అంకెలలో డాలు ధనికుని సొమ్మైనది. చరిత్రలో అది పేదవాని దిక్కు. నియమకర్తలు దీనిని కోరి చేసిరని మేమనము. కూడికతో నడచు లెక్కలో ఈ ఫలితము దానంతట అదియే వచ్చును. ఈ వైపరీత్యము తరువాతి ముద్రణములన్నిటిని నీడవలె వెంబడించినది.

అయినను 1974లో ఎవరును డాలును వదలలేదు. కారణము సులభము. ఆ మొదటి గ్రంథమున ఏ ఆయుధము తగిలినను నష్టము ఒక్క ఆరుముఖముల పాచిక. చిన్నకత్తికిని రెండుచేతుల పెద్దకత్తికిని ఫలితము సమానమైనపుడు ఎడమచేతిని ఖాళీగా ఉంచుటవలన లాభమేమి? డాలు పట్టుటకు చెల్లింపవలసిన మూల్యమేమియు లేకుండెను. మరుసటి యేడు, 1975లో వచ్చిన 'గ్రేహాక్' అను అనుబంధగ్రంథము ఈ స్థితిని మార్చినది. అందు ఆయుధమునకొక నష్టము నిర్ణయింపబడినది. మామూలు కత్తికి మనుష్యులపై 1 నుండి 8 వరకు. రెండుచేతుల కత్తికి 1 నుండి 10 వరకు. పెద్దశరీరము గల ప్రాణులపై మొదటిదానికి 1 నుండి 12, రెండవదానికి 3 నుండి 18. డాలునకు నేడు కన్పట్టు సమస్యకు జన్మదినము చెప్పుమన్నచో మేమీ అనుబంధమునే చూపుదుము. అంతవరకు డాలు ఉచితము. ఇకమీదట దాని ధర కొట్టలేకపోయిన దెబ్బ.

ధర పుట్టినపుడు బేరము పుట్టును. తరువాతి అర్ధశతాబ్ది చరిత్ర యెల్ల ఆ బేరమే. 1979 నాటి 'డంజియన్ మాస్టర్స్ గైడ్'లో గైగాక్స్ డాలు పరిమాణమును లెక్కకు తెచ్చెను: చిన్నడాలు ఒక వంతులో ఒక్క దెబ్బకు, నడిమిది రెండింటికి, పెద్దది మూడింటికి మాత్రమే అక్కరకు వచ్చును, కుడిప్రక్కనుండియు వెనుకనుండియు వచ్చు దెబ్బకు ఏ డాలును పనికిరాదు. యుద్ధానుభవమునకు దగ్గరగా నున్న నియమమే. కాని ప్రతి దెబ్బకు దిక్కు చూచి, ఎన్నవదో లెక్కపెట్టి, కవచాంకమును మార్చి చెప్పు ఓపిక ఎందరు నిర్వాహకులకుండును? డాలు విలువను తగ్గించు నియమము గాన, దానిని మరచినవారు డాలు పట్టినవానికి మేలే చేసిరి. ఇంతకంటె చక్కని ఉపాయము 1981లో టామ్ మోల్డ్‌వే సంస్కరించిన ప్రవేశగ్రంథమున కన్పట్టుచున్నది. అందు రెండుచేతుల ఆయుధము పట్టినవాడు ప్రతి వంతునందును చివరనే కొట్టవలెను. డాలు పట్టినవానికి క్రొత్తగా ఏమియు ఈయకుండనే, పెద్దకత్తి పట్టినవానినుండి కొంత తీసికొని, తూకము సరిచేసిరి. బాలశిక్షవంటి ఆ చిన్న పుస్తకమునకు ఈ విషయమున రావలసినంత పేరు రాలేదు.

ఇంతలో వేరొక సంప్రదాయము బయలుదేరినది. 1978లో కెయాసియమ్ అను సంస్థ ప్రకటించిన 'రూన్‌క్వెస్ట్' నియమములను స్టీవ్ పెరిన్, ఆయన సహచరులు వ్రాసిరి. పెరిన్ మధ్యయుగపు కవచములు ధరించి పేముకత్తులతో నిజముగా తలపడు 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజమ్' అను సమాజమున పాల్గొనినవాడు. డాలు బరువు చేతికి తెలిసినవాని నియమములు కాగితముపై మాత్రమే యోచించినవాని నియమములవలె ఉండవు. రూన్‌క్వెస్ట్‌లో డాలు కవచాంకమునకు చేరు అంకె కాదు; అదొక విద్య. దెబ్బ వచ్చినపుడు ఆటగాడు తానే నూటిపై పాచిక వేసి, తన నైపుణ్యమునకు లోబడినచో దెబ్బకు డాలును అడ్డముగా పెట్టును. డాలు తన శక్తి మేరకు నష్టమును మ్రింగును. ఇందు గల ముఖ్యభేదము నష్టపు లెక్క కాదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో శత్రువు పాచిక వేయుచుండగా డాలు పట్టినవాడు ఊరక చూచును. అంకెలో డాలు ఎప్పుడో చేరియున్నది, ఏ దెబ్బను కవచమాపినదో ఏ దెబ్బను డాలాపినదో ఎవరును చెప్పలేరు. రూన్‌క్వెస్ట్‌లో వాడు తన చేతితో పాచిక వేసి తన ప్రాణమును తానే కాచుకొనును. పైన చెప్పిన విద్యార్థి మిత్రుడు "నీవు చేసేదేమీ ఉండదు" అనుటలోని బాధ ఇక్కడ లేదు. ఐతే ప్రతి దెబ్బకు రెండుసార్లు పాచిక వేయవలసివచ్చుటచే పోరాటము దీర్ఘమగును. ఆ ఆలస్యమే ఈ పద్ధతికి ధర.

మంత్రపు డాలును గూర్చి ప్రస్తావింపక తప్పదు; ఏలయన ఇనుపడాలునకు అది సవతి. మొదటినుండియు మాంత్రికునకు కవచము నిషిద్ధము. ఆ లోపమును తీర్చుటకు 'షీల్డ్' అను మంత్రము కల్పింపబడినది. 1978 నాటి గ్రంథమున ఆ మంత్రము ఎదుటనుండి వచ్చు దెబ్బలకు కవచాంకమును విసరినవానికి 2, యంత్రముతో వదలినవానికి 3, తక్కినవానికి 4 చేయును. అప్పటికి కవచము లేనివాని అంకె 10. అనగా కఱ్ఱతోను ఇనుముతోను చేసిన డాలు ఒక్క మెట్టు కాపాడుచుండగా, మాటలతో చేసిన డాలు ఆరు మెట్లు కాపాడును. 2000 నాటి మూడవ ముద్రణమున ఇది 7 అంకెల లాభమైనది; 2003 సవరణమున 4కు దిగినది; 2014లో 5 అయినది. ఇన్ని మారులు తగ్గించి పెంచిరన్నచో, సరియైన అంకె ఏదో కర్తలకే తోచలేదని మేమనుకొనుచున్నాము.

1997లో వెనుకటి ప్రకాశకసంస్థను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ కొనినది. మూడు సంవత్సరములకు వెలువడిన మూడవ ముద్రణమున కవచాంకము తలక్రిందులై, 10 నుండి పైకి పెరుగజొచ్చెను. పెద్దడాలునకు 2 అంకెలు వచ్చినవి. డాలునకు మేలు జరిగినట్లే తోచును. కాని రెండుచేతుల ఆయుధము పట్టినవానికి శరీరబలమువలన వచ్చు లాభము ఒకటిన్నర రెట్లు చేయబడినది. 2003 సవరణమున 'పవర్ ఎటాక్' అను సామర్థ్యము మారి, గురి ఒక్క అంకె వదలుకొన్నచో రెండుచేతుల ఆయుధమునకు నష్టము రెండంకెలు పెరుగునట్లాయెను. యోధుని గురి స్థాయికొక అంకె చొప్పున ఇరువదవ స్థాయికి 20 వరకు పెరుగుచుండగా, మంత్రశక్తి చేరని డాలు తొలినాటి రెండంకెలవద్దనే నిలిచియుండెను. గురి మిగులుగా గలవానికి దానిని అమ్మి నష్టమును కొనుట సులభమగును. దానికి తోడు అదే కాలమున 'యానిమేటెడ్' అను మాయాగుణము గల డాలు ఒకటి యుండెను. అది ఆజ్ఞాపించినంతనే చేతిని విడిచి గాలిలో నిలిచి యజమానిని కాచును. ఆ యజమాని రెండుచేతుల కత్తి పట్టి కొట్టవచ్చును. డాలునకు ఉండవలసిన ఒక్క మూల్యము, అనగా ఎడమచేయి, రద్దైనది. పైస్థాయి యోధులు దీనిని కోరకుండుట యెట్లు? 2009లో పైజో అను సంస్థ అవే నియమములను సంస్కరించి 'పాత్‌ఫైండర్' పేర ప్రకటించినపుడు, అట్టి డాలు నాలుగు వంతులు మాత్రమే తేలియుండి పిదప క్రిందపడునని సవరించినది. తప్పును గుర్తించిరన్నమాట.

ఇంతవరకు డాలు పట్టినవాడు తన్ను తాను కాపాడుకొనుట యొక్కటియే మేము చూచితిమి. అసలు ప్రశ్న వేరు. ఆటలో శత్రువు వివేకియైనచో, అనగా నిర్వాహకుడు వివేకియైనచో, కొట్టుట కష్టమైనవానిని వదలి ప్రక్కనున్న మాంత్రికుని కొట్టును. అప్పుడు డాలు ఎంత గొప్పదైనను ఏమి ప్రయోజనము? పూర్వపు గ్రీకులకు ఈ సంగతి బాగుగా తెలియును. వారి బరువుకాలిబంటు పట్టిన గుండ్రని డాలు సగము తనకు, సగము తన ఎడమప్రక్కవానికి. క్రీ.పూ. 418లో జరిగిన మాంటినియా యుద్ధమును వర్ణించుచు థుసిడిడీసు ఒక మాట చెప్పెను: ప్రతి సైనికుడును తన డాలు లేని కుడిప్రక్కను పొరుగువాని డాలు చాటున దాచుకొనజూచుటచే సేనలన్నియు కుడివైపునకు జరుగుచుండును. అనగా డాలు సమష్టివస్తువు. క్రీడానియమములలో మాత్రము ముప్పది సంవత్సరములకు పైగా అది వ్యక్తివస్తువుగానే ఉండెను.

2008 నాటి నాల్గవ ముద్రణము ఈ లోపమును సూటిగా ఎదుర్కొనినది. పాత్రలు నాలుగు ధర్మములుగా విభజింపబడినవి, అందొకటి రక్షకధర్మము. యోధుడు తాను ఎదుర్కొనిన శత్రువునకు ఒక గుర్తు పెట్టును. ఆ శత్రువు యోధుని విడిచి వేరొకనిని కొట్టబోయినచో వాని గురి 2 అంకెలు తగ్గును, దగ్గరనున్న యోధుడు వానిని శిక్షింపవచ్చును. 'టైడ్ ఆఫ్ ఐరన్' అను విద్యవలన డాలు గల యోధుడు శత్రువును కొట్టి, వెనుకకు నెట్టి, ఆ చోటు తాను ఆక్రమించును. డాలు ఆటగాడు తన వంతున చేయదగిన పనియైనది. ఈ ముద్రణము పెక్కురకు రుచింపలేదు. ప్రతి పాత్రయు ఒకే అచ్చున పోసినట్లున్నదని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణతో మాకును కొంత ఏకీభావమున్నది. అయినను డాలు పట్టినవానికి ఇంతటి గౌరవము ముందెన్నడును లభింపలేదన్న సత్యము దానివలన చెడదు.

2014 నాటి అయిదవ ముద్రణము గురికి హద్దు పెట్టెను. ఇరువది స్థాయిలలోను నైపుణ్యాంకము 2 నుండి 6 వరకే పెరుగును. కావున డాలు ఇచ్చు 2 అంకెలు చివరివరకు విలువ కోల్పోవు. 11 పడవలసిన శత్రువునకు 13 పడవలసివచ్చినచో వాని దెబ్బలు 20 ముఖములలో పదినుండి ఎనిమిదికి దిగును. అయిదవ వంతు లాభము. ప్రతిగా వదలుకొనునదెంత? ఒంటిచేతి కత్తికి సగటు నష్టము నాలుగున్నర. 'డ్యూయలింగ్' అను శిక్షణవలన 2 చేరి ఆరున్నర. పెద్దకత్తికి రెండు ఆరుముఖముల పాచికలు, సగటు 7. దానికి తగిన శిక్షణవలన సుమారు ఎనిమిదింబావు. తేడా రెండు కూడ లేదు. ఇది న్యాయమైన బేరము. కాని అదే గ్రంథమున ఐచ్ఛికముగా చేర్చిన సామర్థ్యములలో పెద్దాయుధము పట్టినవానికి గురి 5 తగ్గించుకొని నష్టము 10 పెంచుకొను అవకాశమీయబడినది. శ్రద్ధగా తూచిన త్రాసులో ఒక ప్రక్క ఇటుకరాయి వేసినట్లైనది.

డాలునకు ప్రతిగా ఇచ్చిన సామర్థ్యము 'షీల్డ్ మాస్టర్'. దీని చరిత్ర ఒక వివాదచరిత్ర. దాడి చేసిన వంతునందు అదనపుచర్యగా డాలుతో శత్రువును నెట్టవచ్చును, పడద్రోయవచ్చును. పడియున్నవానిని దగ్గరనుండి కొట్టువానికి రెండు పాచికలు వేసి మేలైనదానిని గ్రహించు అనుకూలత లభించును. కాన ముందు పడద్రోసి తరువాత కొట్టినచో మిక్కిలి లాభము. ముందు కొట్టి తరువాత పడద్రోసినచో లాభము తోడివారికే. ఏది ముందు? నియమవ్యాఖ్యాతయగు జెరెమీ క్రాఫర్డ్ తొలుత క్రమము ఆటగాని ఇష్టమనెను. 2018లో దానిని మార్చి, దాడిచర్య జరిగిన పిదపనే నెట్టుట యని తీర్పు చెప్పెను. ఒక్క వాక్యమందలి 'చేసినచో' అను షరతు పూర్వకాలమును సూచించునా, సంకల్పమును సూచించునా అను వ్యాకరణచర్చపై సహస్రములకొలది ఆటగాండ్ర యోధుల విలువ ఆధారపడెను. వైయాకరణులకిది హర్షకారణము కావచ్చును. మా మట్టుకు తీర్పు వాక్యార్థమునకు సరిపడినదనియు, ఆటకు మాత్రము నష్టము చేసినదనియు తోచుచున్నది.

అదే గ్రంథమున 'ప్రొటెక్షన్' అను శిక్షణ కలదు. డాలు గల యోధుడు అయిదడుగుల లోపల నున్న మిత్రునిపై వచ్చు ఒక దెబ్బకు ప్రతిక్రియగా అడ్డుపడి, శత్రువును రెండు పాచికలు వేసి హీనమైనదానిని గ్రహించునట్లు చేయును. సరిసగము తగులు దెబ్బ దీనివలన నాల్గవ వంతే తగులును. గ్రీకుల డాలు మరల వచ్చినదని సంతోషింపవచ్చును. కాని దీనిని మాంత్రికుని మంత్రముతో పోల్చి చూడుడు. మాంత్రికుడు దెబ్బ తగిలినదని తెలిసిన పిదప మంత్రము పఠించి 5 అంకెలు పెంచుకొనును. ఆ పెంపు మరల తన వంతు వచ్చువరకు నిలుచును. యోధుడు పాచిక పడకమునుపే అడ్డుపడవలెను. ఎట్లును తప్పిపోవు దెబ్బపై తన ప్రతిక్రియను వ్యర్థము చేసికొనవచ్చును. ఒక్క దెబ్బతో అది తీరిపోవును. మంత్రమునకు ఖర్చు కలదు, దినమునకిన్ని యని లెక్క కలదు, నిజమే. అయినను తెలిసి కాచుకొనుటకును తెలియక కాచుటకును గల అంతరము చిన్నది కాదు.

డాలు సమస్యకు ఇంతవరకు వచ్చిన పరిష్కారములలో మాకు అన్నిటికంటె పరిపూర్ణముగా తోచినది 2019 నాటి పాత్‌ఫైండర్ రెండవ ముద్రణమందలిది. అందు ఆటగానికి వంతునకు మూడు చర్యలు. డాలు ఊరక చేత నున్నంతమాత్రమున ఏమియు కాపాడదు. ఒక చర్య వెచ్చించి దానిని ఎత్తవలెను. ఎత్తినచో మరల తన వంతు వచ్చువరకు 2 అంకెలు. ఈ క్రీడలో కావలసినదానికంటె 10 అధికముగా పడినచో దెబ్బ రెట్టింపగును. 8 పడిన తగులు శత్రువునకు మామూలుదెబ్బకు 10 ముఖములు, రెట్టింపుదెబ్బకు 3 ముఖములు. డాలు ఎత్తినచో మామూలుదెబ్బకు 10 ముఖములే, రెట్టింపునకు ఒక్కటి. మొత్తము నష్టము పదునారు పాళ్లనుండి పండ్రెండుకు దిగినది. పావు వంతు! పైగా దెబ్బ తగిలినపుడు ప్రతిక్రియగా డాలును అడ్డముంచినచో, ఉక్కుడాలు 5 నష్టమును ఆపును. మిగిలినది మనిషికిని డాలునకును సమముగా తగులును. అట్టి డాలునకు ప్రాణము 20. 10కి దిగినచో విరిగినట్లు లెక్క. పండ్రెండంకెల దెబ్బలు రెండు కాచినచో, ఒక్కొక్కదానివలన 7 చొప్పున పోయి, 6 మిగిలి, డాలు విరుగును. రెండవ దెబ్బకు దానిని ఒడ్డుటయా, ఒడలితో సహించుటయా? పాచిక వేయుచున్నది శత్రువే యైనను ఇప్పుడు యోచించునది డాలు పట్టినవాడు. తొలుత మాయాడాళ్లు సైతము త్వరగా విరుగుచున్నవని ఫిర్యాదులు రాగా, 2023 సవరణమున డాలును దృఢపరచు రూన్ అక్షరములు చేర్చబడినవి.

1970ల నాటి సరళనియమములను తిరిగి చేపట్టినవారిలో సుమారు 2008 నుండి వ్యాపించిన ఒక ఆచారమును కూడ ఇచట తలపవలెను. డాలు విలువ పూర్వమువలె ఒక్క మెట్టే. కాని ప్రాణాంతకమైన దెబ్బ తగిలినపుడు ఆటగాడు "నా డాలు పగిలినది" అనవచ్చును. డాలు పోవును, ఆ దెబ్బ తగలనట్లే. ఒక్క వాక్యముతో చెప్పదగిన ఈ నియమము ఎన్ని పుటల నియమములకో సమానము. పది నాణెములకు కొన్న వస్తువు ఒక ప్రాణమును నిలుపును. పేద కాలిబంటునకు డాలు మరల దిక్కైనది.

2024లో అయిదవ ముద్రణము సంస్కరింపబడినది. పెద్దాయుధమువానికి గురి అమ్మి నష్టము కొను వ్యాపారము తీసివేయబడినది; దానికి మారుగా నైపుణ్యాంకమంత నష్టము మాత్రమే చేరును. షీల్డ్ మాస్టర్ వివాదమునకు తెరపడినది: కత్తిదెబ్బ తగిలిన వెంటనే, ఆ దాడిలో భాగముగనే, వంతునకొకసారి డాలుతో మోదవచ్చును, మిగిలిన దెబ్బలు పడియున్నవానిపై వేయవచ్చును. ప్రొటెక్షన్ శిక్షణము కూడ బాగుపడినది. ఒకసారి అడ్డుపడినచో, మిత్రునకు దగ్గరగా నిలిచియున్నంతవరకు, మరల తన వంతు వచ్చువరకు ఆ మిత్రునిపై వచ్చు ప్రతి దెబ్బకు ఆ రక్షణ వర్తించును. కాని ప్రతిక్రియ ఇప్పటికిని వంతునకు ఒక్కటే. పారిపోవు శత్రువును కొట్టుటకును అదే ప్రతిక్రియ, అగ్నిజ్వాలలనుండి తన్ను డాలుతో కాచుకొనుటకును అదే, మిత్రునకు అడ్డుపడుటకును అదే. డాలు పట్టిన మా విద్యార్థి మొన్నటి ఆటలో మాంత్రికురాలి పక్షమున దానిని వెచ్చించి, మరుక్షణమున అగ్నిలో చిక్కి, ఏ రక్షణయు లేక మూర్ఛిల్లెను. మాంత్రికురాలి పాత్రధారిణి తన తరువాతి వంతు నంతటిని వానిని వెలికి లాగుటకే వినియోగించినది.